దుమ్ము చూడ్డానికి వచ్చినవాళ్ళు

మా తోడికోడలిని వీధిలో అందరూ తడిగుడ్డమ్మ అంటారు. తడిగుడ్డతో గొంతులు కోసే రకమని కాదు, పాపం. ఏదున్నా మొహం మీదే అనేసే మనిషి ఆవిడ. చేతిలో నిజంగానే ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉంటుంది, అందుకని ఆ పేరు. నేను కొత్త కోడలిగా ఈ ఇంటి మెట్లెక్కిన రోజున అందరూ నా మొహం చూస్తుంటే ఆవిడ ఒక్కతే నా కాళ్ళు చూసింది. "చెప్పులు అక్కడ విడువు" అంది. నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

బావగారూ మా ఆయనా అన్నదమ్ములు. ఊరి చివర, గుట్ట కింద, పక్కపక్కనే రెండిళ్ళు మావి. మధ్యలో నడుమెత్తు గోడ. నేను బట్టలు కుడతాను. ముందు గదిలో మిషనుంది కాబట్టి మా ఇంట్లో దారప్పోగులూ గుడ్డముక్కలూ ఉంటాయి. ఉంటాయి మరి, కుట్టుపని చేసేవాళ్ళ ఇంట్లో ఉండక ఇంకెవరింట్లో ఉంటాయి? అక్క గోడ మీంచి ఒక్క చూపు చూస్తుంది. ఏమీ అనదు. ఆ చూపుకి మా ఆయన కూడా లేచి చీపురెక్కడుందో వెతుక్కుంటాడు.

ఇక ఆవిడ ఇల్లంటారా! గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలు మూడు. మొదటిది తడిది, రెండోది పొడిది, మూడోది ఎందుకో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు. రోజుకి నాలుగుసార్లు నేల తుడుస్తుంది. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ విడివిడిగా తుడుస్తుంది. బల్బులు కూడా విప్పి తుడుస్తుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతన్ని ఒకసారి మెట్ల మీదే నిలబెట్టి, అంకెలు తనే లోపల్నుంచి కేక వేసి చెప్పింది. అతను ఆ తర్వాత నుంచీ మా ఇంటి ముందే నిలబడి, "అమ్మా, ఆవిడ్ని అడిగి చెప్పండి" అనేవాడు.

బావగారు ఇరవై ఎనిమిదేళ్ళు పిండిమర నడిపారు. ఇంటికొచ్చేసరికి కనుబొమలూ కనురెప్పలూ కూడా తెల్లగా ఉండేవి. అక్క ఆయన్ని పెరటివైపే నిలబెట్టి, చొక్కా విప్పించి, దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది. ఆయన కిక్కురుమనకుండా నిలబడేవారు. అంత చేసినా ఏం లాభం? ఆ పిండి లోపలికి ఎంత పోవాలో అంతా పోయింది. యాభై ఆరో ఏట ఒకరోజు మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయి, గోడ పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకున్నారు. డాక్టరు చూసి, "ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ఇకమీదట దుమ్మన్నది తగలకూడదు" అన్నాడు. ఆ తర్వాత మర అమ్మేశారు. అక్క నాలుగుసార్లు తుడిచేది ఆరుసార్లు తుడవడం మొదలుపెట్టింది. వీధిలో వాళ్ళు నవ్వడం మానేశారు గానీ నేను మానలేదు. నా బుద్ధి అలాంటిది, ఏం చేయను.

అలాంటి ఇంటి వెనక గుట్టని తవ్వి కంకర తీస్తామని ఒక కంపెనీ వచ్చింది.

పూర్తి అనుమతి ఇంకా రాలేదట. ముందు రాయి ఎలాంటిదో చూసుకోవడానికి కొన్ని నెలలు తవ్వుకోవచ్చని ఆఫీసువాళ్ళు చెప్పారట. కొంచెం తవ్వితేనే మా బతుకు అలా అయింది, ఇక పూర్తిగా తవ్వితే చెప్పేదేముంది? టిప్పర్లు పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా మా వీధిలోంచే. ఆరేసిన బట్ట తడి ఆరకముందే ఎర్రబడేది. నేను ఒకావిడకి తెల్ల గౌను కుట్టి కొయ్యకి తగిలిస్తే మర్నాటికి అది ఏ రంగో ఆవిడే పోల్చుకోలేకపోయింది. బావగారికి దగ్గు తిరగబెట్టింది. గోడ ఇవతలికి వినిపించేది ఆ దగ్గు. నేను మిషను ఆపేసి, అది తగ్గేదాకా వింటూ కూర్చునేదాన్ని.

ఒకరోజు గోడ దగ్గర అక్క అంది: "క్వారీకి అనుమతి వస్తే మేం వెళ్ళిపోతామే. పట్నంలో ఉన్న అమ్మాయి తన దగ్గరకి రమ్మంటోంది. అయిదో అంతస్తు, దుమ్ముండదట. ఆయన్ని ఇక్కడ ఉంచి చంపుకోలేను."

"వెళ్ళు తల్లీ, వెళ్ళు. నా ప్రాణానికి హాయిగా ఉంటుంది" అన్నాను.

లోపలికొచ్చి కూర్చుని ఒక చొక్కాకి రెండు చేతులూ తిరగేసి కుట్టాను. కుట్టు విప్పుతుంటే కళ్ళు కనిపించలేదు. ఆవిడ పక్కింట్లో లేకపోతే నేను ఎవరితో పోట్లాడను?

మా వీధిలో రిటైరైన మేష్టారొకాయన ఉన్నారు. ఆయన అర్జీ రాశారు. ఇరవై రెండిళ్ళవాళ్ళమూ సంతకాలు పెట్టాం. ఆయన ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తిరిగి చివరికి ఒక ఉత్తరం పట్టుకొచ్చారు. గురువారం నాడు అధికారి స్వయంగా వచ్చి ఇళ్ళు చూస్తారట. దుమ్ము ఉన్నదీ లేనిదీ పరిశీలించి రిపోర్టు రాస్తారట.

అధికారి ఇంటికొస్తున్నారని తెలిసి మా వీధి చేసిన ఘనకార్యం చెబితే మీరు నమ్మరు. ఇళ్ళు కడిగింది!

నవ్వకండి. ఇంటికి పెద్దమనిషి వస్తున్నారంటే మీరైతే ఏం చేస్తారు? బుధవారం పొద్దున్న అక్క మొదలుపెట్టింది, ఆవిడ్ని చూసి పక్కిల్లు, పక్కింటిని చూసి ఎదురిల్లు. పైపులు పెట్టి గోడలు కడిగారు. రోడ్డు మీద బకెట్లతో నీళ్ళు కొట్టారు. మంగలి తన షాపు కుర్చీలు బయట వేసి తోమాడు. అర్జీ రాసిన మేష్టారు కూడా, అంత చదువుకున్న మనిషి, గేటు కడిగి, సైకిలు తుడిచి, చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. నేనేం తక్కువ తిన్నానా? మిషను వెనక్కి దూరి పదేళ్ళ నాటి దారప్పోగులు లాగి పారేశాను. అక్కయితే కుండీల్లో మొక్కలకి ఆకు ఆకూ పట్టుకుని తుడిచింది.

గురువారం అధికారి మేడం వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వెనకాల కంపెనీ సూపర్‌వైజరు, చంకలో హెల్మెట్టు పెట్టుకుని. మేడం అక్క ఇంటి కిటికీ ఊచ మీద వేలితో రాసి చూసింది. ఏమీ అంటలేదు. మొక్కల్ని చూసింది. మెట్లు చూసింది.

"అబ్బ, ఎంత శుభ్రంగా ఉంచుకున్నారండీ!" అంది.

మేం ఉబ్బి తబ్బిబ్బయ్యాం. అక్క మొహం చూడాలి, జన్మలో ఆవిడ అలా సిగ్గుపడడం నేను చూడలేదు. మేడంకి టీ ఇచ్చింది. మేష్టారికీ ఇచ్చింది. అప్పుడు సూపర్‌వైజరు చల్లగా అన్నాడు: "నేను ముందే మనవి చేశాను కదా మేడం. ఇక్కడ దుమ్మేమీ లేదు."

మేష్టారి టీ కప్పు నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మేడం కాగితం తీసి రాసుకుంటోంది. అప్పుడు వెలిగింది మాకు. ముందురోజు పొద్దుట్నుంచీ ఒక్క టిప్పరు కూడా రాలేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. కడుక్కునే హడావుడిలో ఎవరం పట్టించుకోలేదు. మేష్టారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పబోయారు. "నాకు కళ్ళకి కనిపించిందే రాయగలనండీ" అని మేడం కారెక్కింది.

ఆ రోజు మా వీధిలో ఎవరికీ ముద్ద దిగలేదు. చేతులారా చేసుకున్నాం, ఎవర్ని తిడతాం? అక్క మెట్ల మీద కూర్చుని, "నేనే మొదలుపెట్టాను. నావల్లే ఇదంతా" అని పదిసార్లు అనుకుంది.

మర్నాడు టిప్పర్లు మళ్ళీ మామూలే. మేష్టారు వదల్లేదు. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి, బతిమాలి, ఇంకొకసారి రావడానికి మేడంని ఒప్పించుకొచ్చారు. పది రోజుల తర్వాత వస్తానందట. మంగలి షాపులో అందర్నీ కూర్చోబెట్టి ఆయన ఒకటే చెప్పారు: "ఈ పది రోజులూ ఎవరూ చీపురు ముట్టుకోకండి. ఎక్కడి దుమ్ము అక్కడ ఉండాలి. దండం పెడతాను."

ఇంత సులువైన ఉద్యమం ఎక్కడైనా ఉంటుందా? మా ఆయన మొహం వెలిగిపోయింది. సగం వీధి సంతోషంగా తలూపింది. తర్వాత అందరూ అక్కవైపు తిరిగారు. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

"ముట్టుకోను" అంది చివరికి. "మరి ఆయన సంగతి?" అంది.

ఆ దుమ్ములో ఆయన రెండు రోజులుంటే ఆసుపత్రే గతి అని అందరికీ తెలుసు. నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది.

"బావగారు మా ఇంట్లో ఉంటారు" అన్నాను.

అక్క నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసింది. "మీ ఇంట్లోనా?" అంది.

షాపు షాపంతా పడిపడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండు రోజులు అక్కా నేనూ మా ఇంటి మీద పడ్డాం. మిషను వసారాలోకి పోయింది. వెనక గది ఖాళీ చేశాం. కిటికీలన్నీ మూసి, సందుల్లో తడి దుప్పట్లు చుట్టి పెట్టాం. అక్క మంచం కిందకి దూరి, అరచేత్తో నేల రాసి, చెయ్యి వెలుగులో పెట్టి చూసుకుంది. రెండుసార్లు పెదవి విరిచింది. మూడోసారి "సరే" అంది. వెళ్తూ వెళ్తూ డజను గుడ్డలు నా చేతిలో పెట్టింది. "పొడిగుడ్డతో తుడవకు. దుమ్ము లేచి ఆయన గొంతులోకే పోతుంది. గుడ్డ రెండుసార్లు తిప్పాక ఉతికెయ్యి. రోజుకి ఆరుసార్లు. మర్చిపోయానని నాతో అనకు."

అనలేదు. ఆరుసార్లూ తుడిచాను. మూడో రోజుకి నా నడుము పడిపోయింది. వేళ్ళు నానిపోయి సూది పట్టుకుంటే జారిపోయేది. నాలుగో రోజు పొద్దున్న లేచి గుడ్డ తడుపుతుంటే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని చూస్తే, తెల్లవార్లూ బావగారు దగ్గలేదు. అక్కడే బకెట్టు పక్కన కూలబడి ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఈ మనిషిని చూసి నవ్వుకున్నానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

బావగారు మంచం మీంచి నన్ను చూసి, "అమ్మాయ్, నువ్వూ మీ అక్కలాగే అయిపోతున్నావు, జాగ్రత్త. మా తమ్ముడు తట్టుకోలేడు" అన్నారు.

అక్క మాత్రం మా గుమ్మం తొక్కలేదు. తన బట్టల దుమ్ము ఆయనకి అంటుతుందని భయం. పది అడుగుల దూరంలో ఉండి మొగుడూ పెళ్ళాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. నేను భోజనం గోడ మీద పెడితే తీసుకునేది. ఒక మధ్యాహ్నం గోడ మీంచి తొంగి చూశాను. బల్ల మీద, కుర్చీల మీద, ఆవిడ ప్రాణంగా చూసుకునే గాజు గిన్నెల మీద ఎర్రటి దుమ్ము మందంగా పేరుకుపోయి ఉంది. మధ్యలో అక్క కుర్చీలో కూర్చుని ఉంది, రెండు చేతులూ తొడల కింద నొక్కి పెట్టుకుని. "ఏం చేస్తున్నావక్కా?" అంటే, "ఏమీ చెయ్యట్లేదు. అదేగా చెయ్యమన్నారు" అంది. నాకు గోడ దూకి వెళ్ళి ఆవిడ్ని పట్టుకోవాలనిపించింది.

పదో రోజు మేడం వచ్చింది. వెనకాలే సూపర్‌వైజరు. వీధంతా అక్క ఇంటి ముందు చేరింది. అక్క గుమ్మంలో నిలబడింది గానీ తలెత్తలేదు. రమ్మని కూడా అనలేకపోయింది. మేడం లోపలికి అడుగు పెడితే నేల మీద అడుగు అచ్చు పడింది. బల్ల మీద వేలితో గీస్తే గీత పడింది.

సూపర్‌వైజరు వెంటనే అందుకున్నాడు. "మేడం, ఇది క్వారీ దుమ్ము కాదు. ఊడ్చుకోకపోతే ఎవరిల్లయినా ఇంతే. వీళ్ళకి శుభ్రత తెలీదు, నెపం మా మీద పెడుతున్నారు."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. జీవితంలో ఆవిడ ఒక్క మాట పడకూడదనుకుంటే అది ఆ మాట. అది పదిమంది ముందు, తన గుమ్మంలో, తన మొహాన అన్నాడు.

"ఎవరికయ్యా శుభ్రత తెలియనిది? తడిగుడ్డమ్మకా?" అని మంగలి ఒక్క అరుపు అరిచాడు. ఇక ఆనకట్ట తెగింది. "మా ఆవిడ ఈవిడింటికి పేరంటానికి కాదు, పలకరించడానికి కూడా భయపడి చస్తుంది" అని ఒకాయన. "నేను పాలు పోయడానికొస్తే క్యాను అడుగు తుడిపించాకే రానిస్తుంది" అని పాలమనిషి. నేను ఊరుకుంటానా? ముప్ఫై ఒక్క ఏళ్ళ కడుపుమంట. "నేను కాపురానికొచ్చిన రోజే చెప్పులు విడవమందండీ! ఎందుకో తెలీని మూడో పట్టా మీద కూడా కాళ్ళు తుడుచుకుంటున్నాను! నా మీద ఈవిడ పెట్టిన ఆరళ్ళు రాసుకోవాలంటే మీ కాగితాలు చాలవు! ఈవిడకి శుభ్రత తెలీదంటాడా?" అరుస్తూ అరుస్తూ ఏడ్చేశాను. జనం నవ్వుతున్నారు, నేను ఏడుస్తున్నాను.

మేడం కూడా నవ్వాపుకుని, "మీ మాట నమ్ముతానమ్మా. కానీ రిపోర్టులో నాకు కనిపించిందే రాయాలి" అంది.

అప్పుడు అక్క తలెత్తింది. "ఒక గంట కూర్చోగలరా మేడం?" అంది.

"కూర్చుంటాను."

"అయితే వాళ్ళ బళ్ళు రోజూ తిరిగినట్టు తిరగమనండి. ఇవాళ కూడా ఆపేశారు."

సూపర్‌వైజరు బళ్ళు రిపేరుకి వెళ్ళాయన్నాడు. "అన్నీ ఒకేసారా? అయితే రేపొస్తాను. లేకపోతే ఎల్లుండి. అవి బాగయ్యేదాకా రోజూ వస్తాను" అంది మేడం. అతను పక్కకెళ్ళి ఫోన్ చేశాడు.

అక్క బల్ల తుడిచింది. గుడ్డ తడిపి, పిండి, నాలుగు మడతలు వేసి, అవతలి అంచు నుంచి ఇవతలికి ఒకే లాగు లాగింది. మడత తిప్పింది, మళ్ళీ లాగింది. గుడ్డ మార్చింది. బల్ల కోళ్ళు, కింది అంచులు, మూలలు. ఆరో గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. "ఇప్పుడు మీ రుమాలుతో తుడవండి" అంది. మేడం తన రుమాలు తీసి బల్లంతా తుడిచి, విప్పి అందరికీ చూపించింది. తెల్లగా ఉంది.

అక్క కిటికీలు తెరిచి, కుర్చీలో కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుంది. టిప్పర్లు వచ్చాయి. గంటలో పదకొండు. పదకొండోది వెళ్ళాక మేడం లేచి అదే రుమాలు రెండో వైపు తిప్పి బల్ల మీద ఒక్కసారి లాగింది. ఇటుకపొడిలో ముంచినట్టయింది రుమాలు. దాన్ని మడిచి కవర్లో పెట్టి, కవరు మీద టైము రాసి, సూపర్‌వైజరు చేత సంతకం పెట్టించింది.

ఇరవై రోజులకి ఆర్డరు వచ్చింది. మేష్టారు అక్క ఇంట్లోనే నిలబడి చదివారు. అప్పటికే బావగారు ఇల్లు చేరారు, నేల అద్దంలా మెరుస్తోంది. "యజమానురాలు నా సమక్షంలో మిక్కిలి శుభ్రంగా తుడిచిన బల్లపై ఒక గంట వ్యవధిలో దట్టమైన ధూళి చేరినందున, నివాసాలకు ఇంత సమీపంలో కంకర తవ్వకానికి అనుమతి నిరాకరించడమైనది."

"ఆ ముక్క మళ్ళీ చదవండి మేష్టారూ" అంది అక్క.

"అనుమతి నిరాకరించడమైనది."

"అది కాదు. అంతకు ముందుది."

"మిక్కిలి శుభ్రంగా..."

"ఆఁ, అదే. ఇంకోసారి."

మేష్టారు మూడుసార్లు చదివి, నవ్వుకుంటూ వీధిలో మిగతావాళ్ళకి చెప్పడానికి వెళ్ళారు. బావగారు తెరిచిన కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను మాత్రం గది మధ్యలో నిలబడిపోయాను.

"అయితే ఇక వెళ్ళరు కదూ?" అన్నాను.

"ఎక్కడికే? ఆ అయిదో అంతస్తులో నేనెవర్ని సాధించను?" అంది.

నాకు ఆగలేదు. వెక్కి వెక్కి ఏడుపొచ్చింది.

"ఏడిస్తే ఏడు గానీ బయటికెళ్ళి ఏడు. ఇప్పుడే తుడిచానక్కడ" అంది అక్క. నేను వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ కూడా కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం బయటే కూర్చుని తనివితీరా ఏడ్చాం.